రాచర్ల కూడికల టేపు

గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా ఏ చర్చిలో అడిగినా గిటారు వేగమంటే శ్యాంసన్‌దే అంటారు. ఎక్స్‌ప్రెస్ శ్యాంసన్ అని ఆయనకు పేరు. ఆ పేరు తనకు తగదని ఆయన ఎప్పుడూ చెబుతూనే ఉండేవాడు. "నా చేతిలో ఏముందన్నా, ఆ పొద్దు టేప్‌రికార్డర్‌లో సెల్లు వీకైనాయి, అంతే" అనేవాడు. విన్నవాళ్లు నవ్వి, ఎంత తగ్గింపు గల మనిషి అనుకునేవాళ్లు. ఒక పాస్టరుగారైతే తగ్గింపు మీద ప్రసంగం చేస్తూ ఆయన్నే ఉదాహరణగా చూపించాడు. ముందు వరుసలో కూర్చున్న శ్యాంసన్ కాదు కాదని తల అడ్డంగా ఊపుతుంటే, చూశారా, ఇప్పుడు కూడా ఒప్పుకోవడం లేదు అన్నాడు.

శ్యాంసన్ చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే అది నమ్మడానికి మనిషి ఆనాటి రాచర్ల ప్రార్థన కూడికల్లో ఉండి ఉండాలి, లేదా హార్మోనియం గురించి కాస్త ఆలోచించి ఉండాలి.

ఆయన మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనివాడు. పలకకు నాలుగువైపులా చెక్క చట్రం బిగించే పని. అంతకు ముందు, పిల్లవాడుగా ఉన్నప్పుడు, తల్లి గిద్దలూరు రైల్వే క్వార్టర్లలో ఇళ్లపని చేసేది. అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ ముసలాయన ఉండేవాడు. బొగ్గు ఇంజన్లు నడిపి రిటైరైనవాడు. డ్రైవర్ దొర అనేవాళ్లు. ఆయన దగ్గర ఒక గిటారు, ఒక చెక్కపెట్టె నిండా గ్రామఫోను రికార్డులు ఉండేవి. అమెరికాలో పత్తిచేలల్లో పనిచేసిన నల్లవాళ్ల పాటలు కొన్ని, ఆ పాటలనే పట్టుకుని కరెంటు గిటార్లతో తెల్లకుర్రాళ్లు హోరెత్తించినవి కొన్ని. శ్యాంసన్‌కు అందులో ఒక్క ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు. కానీ తీగ మీద వేలు జారినప్పుడు వచ్చే మూలుగు అర్థమైంది. వాళ్లమ్మ మిరపచేలో పాడే పాట కూడా అట్లాగే ఒక స్వరం మీద నిలవకుండా దాని కిందికి జారేది. దొర అతనికి ఆ జారుడే నేర్పించాడు. తర్వాత ఫ్యాక్టరీలో దొరికిన ఇనుపగొట్టం ముక్కను నున్నగా అరగదీసి, చిటికెన వేలికి తొడుక్కుని, తీగల మీద రాస్తూ వాయించడం శ్యాంసన్ తనంతట తాను నేర్చుకున్నాడు.

అట్లా ఒక బ్యాండు తయారైంది. ఇద్దరు గిటార్లు, ఒకరు డ్రమ్ములు. చర్చివాళ్లకు ఇచ్చిన పేరు 'ఆశ్రయ బండ'. దేవుడే నా బండ అని బైబిల్లో ఉంది కాబట్టి పెద్దలు ఆమేన్ అన్నారు. రాక్ అంటే కూడా బండేనని డ్రైవర్ దొర ఒక్కడే కడుపు పట్టుకుని నవ్వాడు. జనం మాత్రం, రాళ్ల ఫ్యాక్టరీ వాళ్లు గదా అని, బండ బ్యాండు అన్నారు.

ఆ బ్యాండుకు పాడే మనిషి దయామణి. రాచర్ల పక్క పల్లె పిల్ల. ఆమెది బరువైన గొంతు. చేను ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున మేకలు తలలెత్తేవి. క్వయర్‌లో ఆడవాళ్లు ఆమెను తమ వరుసలో నిలబడనిచ్చేవాళ్లు కాదు, మగగొంతు అని. మగవాళ్ల వెనక నిలబడి పాడుతుంటే శ్యాంసన్ విన్నాడు. రికార్డుల్లో విన్న గొంతులకు వరసైన గొంతు అది. ముందు బ్యాండులోకి అడిగాడు. మరుసటేడు పెళ్లికి అడిగాడు. రెండోసారి అడగడానికి ఎందుకంత ఆలస్యం చేశావని ఆమె ఆయన్ను చాలాసార్లు ఎగతాళి చేసేది.

పెళ్లయిన వేసవిలోనే రాచర్లలో ఉజ్జీవ కూడికలు జరిగాయి. చివరి సాయంత్రం బండ బ్యాండుది. మందిరం హార్మోనియం కూడా వాళ్లతో కలిసింది. ఊళ్లో కరెంటు లేక జనరేటరు పెట్టారు. అది గిటార్లకూ మైకుకూ చాలీచాలకుండా ఉంది. అందుకని దయామణి తమ్ముడు పౌలు టేప్‌రికార్డర్‌ను సెల్లు వేసి పెట్టాడు. ఆ సెల్లు అప్పటికే రేడియోలో వాడి తీసినవి. పౌలు వాటిని ఇంటికప్పు మీద ఎండలో పెట్టి ప్రాణం పోశాడు. ఆ రోజుల్లో అందరూ చేసే పనే. ఎండకు కాగిన సెల్లు కాసేపు బాగానే తిరుగుతాయి, తర్వాత మెల్లగా సోలిపోతాయి. టేపు నెమ్మదిగా తిరుగుతూ పాటను ఎక్కించుకుంది. మర్నాడు గిద్దలూరు క్యాసెట్ల దుకాణంలో నిండు కరెంటు మీద వేసేసరికి పాట పరిగెత్తింది. మొదటి పాట కొంచెం, చివరి పాట మరీనూ. శ్యాంసన్ వేళ్లు మిషను కుట్టినట్లు వినపడ్డాయి. దయామణి గొంతు పదేళ్ల పిల్ల గొంతంత సన్నమైపోయింది.

మొదటిసారి విన్నప్పుడు దయామణి నవ్వి నవ్వి కూలబడింది. "నన్ను రాచర్లలో నిలబెట్టి, ఇంకెవర్తినో తెచ్చి పాడిచ్చినావు గదయ్యా" అన్నది మొగుడితో.

కానీ ఆ క్యాసెట్టు ఊరూరా పోయింది. పెళ్లిళ్లలో, ప్రార్థన కూడికల్లో, ఆటోల్లో, పామూరు దాకా అదే పాట. 'ఎండపొద్దు వాలె ప్రభువా, ఇంటికి నన్ను పిలువవా' అన్న చివరి పాటను ప్రతి చర్చిలోనూ ఆ టేపు శ్రుతిలోనే నేర్చుకున్నారు. ఆడవాళ్లు మెడనరాలు ఉబ్బేలా పాడేవాళ్లు. మగవాళ్లు పెదాలు కదిపి ఊరుకునేవాళ్లు. బ్యాండును పిలిచినచోటల్లా టేపులో ఉన్నట్లే వాయించమన్నారు. శ్యాంసన్ తీగలను ఆ శ్రుతికి బిగిస్తే తెగేవి. సన్నతీగలు తెప్పించి, ఫ్యాక్టరీ నుంచి వచ్చాక కూర్చుని, తన టేపును తనే వెంబడించి, ఏడాదికి దాన్ని పట్టుకున్నాడు. అప్పుడు నిజంగానే ఎక్స్‌ప్రెస్ అయ్యాడు. అయినా గొంతును బిగించడం కుదరదు గదా. దయామణి కింది శ్రుతిలోనే పాడేది. జనం, పాపం ఆమెకు జలుబు చేసినట్లుంది అనుకునేవాళ్లు.

గుంటూరు పోయి మంచి స్టూడియోలో అన్నీ మళ్లీ పాడదామనుకున్నారు. ఈలోగా ఫెబీ పుట్టింది. ఫెబీ నడక నేర్చి, మాటలు నేర్చే వయసులో దయామణికి పచ్చకామెర్లు ముదిరాయి. ఆకుపసరు, ఆసుపత్రి రెండూ అయ్యాయి. ఏదీ నిలబెట్టలేదు. ఆమె గొంతు ఈ లోకంలో ఆ ఒక్క క్యాసెట్టులోనే మిగిలింది. అదీ ఆమెది కాని గొంతుగా.

ఫెబీకి తల్లి ముఖం ఫోటోలో తెలుసు, గొంతు టేపులో తెలుసు. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ టేపు పెట్టమనేది. నిద్ర రాకపోయినా అంతే. పెరిగేకొద్దీ ఆమె గొంతు బొంగురుగా, లోతుగా తిరిగింది. క్వయర్‌లో పెద్దామె ఒకరు ఆమె బుగ్గ నిమిరి, తల్లి గొంతు రాలేదు పాపం అన్నది. కాదమ్మా, నీది మీ అమ్మ గొంతే అని శ్యాంసన్ చెప్పాడు. బిడ్డను ఓదారుస్తున్నాడని ఫెబీ కూడా అందరిలాగే అనుకుంది. ఆ తర్వాత ఆమె పాడలేదు. పాడేవాళ్ల గొంతులను సరిచేసే పని నేర్చుకుంది. హైదరాబాదులో కొన్నేళ్లు చేసి, తిరిగొచ్చి, మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఒక జిరాక్సు షాపు పైన చిన్న స్టూడియో పెట్టింది. ఇప్పుడు చుట్టుపక్కల ఏ చర్చివాళ్లు పాట చేయించుకోవాలన్నా ఆ మెట్లెక్కాల్సిందే.

మొన్న రాచర్ల చర్చి మందిరం వార్షికోత్సవానికి బండ బ్యాండు టేపును కొత్త శబ్దంలో తీసుకొస్తే బాగుంటుందని సంఘం వాళ్లు అడిగారు. పౌలు ట్రంకుపెట్టెలోంచి మొదటి క్యాసెట్టు తెచ్చి ఇచ్చాడు. ఫెబీ దాని మీద చాలా రోజులు కూర్చుంది. పని పూర్తయ్యాక నాయనను, మామను కూర్చోబెట్టి వినిపించింది.

టేపు సుయ్యిమనే శబ్దం లేదు, జనరేటరు రొద లేదు. డ్రమ్ము మీద పుల్ల పడిన చోటు తెలుస్తోంది. తన ఇనుపగొట్టం తీగ మీద రాసుకుంటూ పోయే గరగర కూడా విడిగా వినపడుతోంది. వెనక ఎక్కడో ఒక ముసలాయన పాటకు సగం తాళం ముందే ఆమేన్ అంటున్నాడు. ఆయన్ను కూడా ఫెబీ ఉంచింది. ఇన్నాళ్లూ దుమ్ము పట్టిన కిటికీలోంచి చూసిన ఊళ్లోకి తలుపు తీసుకుని నడిచినట్లుంది శ్యాంసన్‌కు. అంతలో దయామణి పాట ఎత్తుకుంది. అదే సన్నగొంతు.

"గొంతు కిందికి దించలేదేందమ్మా?" అని అడిగాడు.

ఫెబీ జవాబు చెప్పేలోపు పౌలు అందుకున్నాడు. సెల్లు మాట ఎత్తితే ఆయనకు ఎప్పుడూ కోపమే.

"అవి కొత్త సెల్లు బావా. ఎండలో పెట్టినా గానీ, కొత్తవే."

"కొత్తవైతే ఎండలో యాల పెట్టినావురా?"

"ఇంకా బాగా కొత్తగైతాయని."

ఫెబీ నవ్వలేదు. "నాకు తెలుసు నాయనా" అన్నది. పనిలో కూర్చున్న మొదటి రోజే తెలిసిందట. మొదటి పాటలో హార్మోనియం ఒక శ్రుతిలో ఉంది, చివరి పాటలో అదే హార్మోనియం ఇంకా పైకి పోయింది. గొంతంటే పెరుగుతుంది, హార్మోనియం మెట్టు పెరగదు. మందిరంలో ఆ పాత హార్మోనియం ఇంకా ఉంది. పోయి నొక్కి చూసుకుంది. ఎంత తేడానో లెక్క తేలింది. తేలినాక, ఆమె పాటలన్నిటినీ ఒకే వేగానికి తెచ్చింది. కానీ హార్మోనియం దగ్గరికి కాదు. చివరి పాట దగ్గరికి, అన్నిటికన్నా సన్నగా ఉన్న చోటికి.

"తెలిసీ అట్ల చేస్తివా?"

ఫెబీ మౌసు పట్టుకుని తెర మీద ఏదో కిందికి లాగింది. పాట బరువెక్కింది. అడుగులు నింపాదిగా పడ్డాయి. దయామణి పాడింది. అసలు దయామణి. గొంతు గది అడుగునంతా నిండి కుర్చీల కాళ్ల దాకా వచ్చింది. శ్యాంసన్, ఎవరో పిలిచినట్లు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పౌలు అక్కా అని గొణిగి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఫెబీ ఆపేసింది.

"ఈమె ఎవరో నాకు తెలవదు నాయనా."

"ఆ సన్నగొంతు మీ అమ్మది కాదు తల్లీ. సెల్లుది."

"నన్ను పెంచింది ఆ గొంతే."

శ్యాంసన్‌కు కావలసింది ఒక్కటే. ఊళ్లన్నీ దయామణి అనుకుని వింటున్నది దయామణి కాదు, ఆమెను ఒక్కసారైనా ఆమెగా జనంలో నిలబెట్టాలి. కానీ బిడ్డ చేతిలోంచి తల్లిని లాక్కుని నిలబెట్టాలా? మెట్లు దిగుతుంటే పౌలు, నువ్వు గట్టిగా ఒక మాటంటే వింటుంది బావా అన్నాడు. గట్టిగా అనే మాట కాదులే అన్నాడు శ్యాంసన్. అయినా ఆయన భయపడలేదు. బిడ్డ చెవి మీద ఆయనకు నమ్మకం. అంత బాగా వినే మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఇది కూడా వింటుంది.

ఆ తర్వాత కూడా ఆయన ఎప్పటిలాగే స్టూడియోకు పోయి వచ్చాడు. ఆ మాట ఎత్తలేదు.

వార్షికోత్సవం వారం ఉందనగా ఒక మధ్యాహ్నం, తర్లుపాడు నుంచి వచ్చిన ఒక బృందం అద్దం అవతల పాడుతోంది. కింద ఓబులేసు జిరాక్సు మిషను టకటక మొదలైంది. పరీక్షల రోజులు, పిల్లలు బారులు తీరి ఉన్నారు. మిషను అదురు గోడలెక్కి మైకులోకి వస్తోంది. ఫెబీ పాటవాళ్లను ఆపి, వాళ్ల గదిలోకే పోయి, కిటికీ తెరిచి కిందికి అరిచింది. "ఓయ్ ఓబులేసూ, ఆ మిషను కాసేపు ఆపవయ్యా, ఈడ పాట ఎక్కించుకుంటాండ్లా?" మిషను ఆగింది. పాట అయింది. వాళ్లు వెళ్లిపోయారు.

ఆ అరుపు కూడా మైకులో పడింది. దాన్ని కోసేద్దామని ఫెబీ పెద్ద స్పీకర్లలో పెట్టింది. గదిలో అరుపు మోగింది. శ్యాంసన్ మూలన బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అది ఉండనీ. ఇప్పుడు మీ అమ్మ టేపులో, చివరి పాటకు ముందు జనం మీద అరుస్తది చూడు, అది పెట్టు. కింద శ్రుతిలో" అన్నాడు.

ఫెబీ విసుక్కుంటూనే వెతికింది. పాటకూ పాటకూ మధ్య జనం గోల, డ్రమ్ములవాడి సరదా దెబ్బలు. అప్పుడు దయామణి, పాడుతూ కాదు, మామూలుగా, అలిసిన మనిషి అరిచినట్లు అరిచింది. "ఓయ్, ముందరోళ్లు కూచ్చోండయ్యా, ఎనకోళ్లకు కనపడాల్నా వద్దా?"

ఫెబీ చెయ్యి మౌసు మీదనే ఆగింది. మళ్లీ పెట్టింది. శబ్దం పెంచి మూడోసారి పెట్టింది.

మెట్ల మీద దబదబ అడుగులు. ఓబులేసు తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో ఎవరిదో హాల్‌టికెట్టు కాపీ ఉంది.

"ఏందక్కా, మిషను ఆపి అంతసేపైంది గదా. మళ్లా మళ్లా ఎవుర్ని కూచ్చోమంటాండావు? కింద పిల్లోళ్లు నిజంగానే కూచ్చున్నారు."

శ్యాంసన్ ఇంకో వైపుకు తిరిగి నవ్వాడు. ఫెబీ ఓబులేసు వైపు తిరిగింది. "నేను కాదు" అన్నది మెల్లగా. "మా అమ్మ."

ఓబులేసుకు ఏమీ అర్థం కాలేదు. సరే అక్కా, మీ అమ్మకు చెప్పు, మిషను ఆపినానని, అని దిగిపోయాడు. ఆమె ఎప్పుడో పోయిందని అతనికి తెలియదు.

ఆ సాయంత్రం ఫెబీ తండ్రిని చాలా అడిగింది. అమ్మ తనను ఎట్లా పిలిచేదో, కోపమొస్తే ఏమనేదో, పాడుతూ ఊపిరి ఎక్కడ తీసుకునేదో. శ్యాంసన్ అన్నీ చెప్పాడు. పిలుపు మాత్రం నోటితో చెప్పడం రాక, గిటారు తెమ్మని, ఇనుపగొట్టం తొడుక్కుని, తీగ మీద ఫె నుంచి బీ దాకా కిందికి జార్చి చూపించాడు. ఫెబీ పాత సన్న పాటలను తన ఫోనులోకి ఎక్కించుకుంది. అవి నా దగ్గర ఉంటాయి నాయనా, అన్నది. ఉండాలి కూడా, అన్నాడాయన. తర్వాత ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని పాటలన్నిటినీ హార్మోనియం దగ్గరికి దించడం మొదలుపెట్టింది.

రాచర్లలో వార్షికోత్సవం ఆదివారం పగలు జరిగింది. పందిరి కింద పాత స్పీకర్లు కాకుండా ఫెబీ తన స్పీకర్లు పెట్టించింది. మొదటి పాట మొదలు కాగానే జనంలో గుసగుసలు లేచాయి. మిషను స్లోగా తిరుగుతోందని ఒకరు, పాడేది వేరే ఆమె అని ఒకరు. తాతా, నీ స్పీడంతా ఏమైంది అని ఒక కాలేజీ పిల్లవాడు నవ్వుతూ అడిగాడు. నేను మొదటినుంచీ చెబుతాన్నా గదా అన్నాడు శ్యాంసన్, చాలా సంతోషంగా. పాస్టరుగారి ప్రసంగంలోంచి ఒక ఉదాహరణ పోయింది.

వెనక వరుసలో రోశమ్మ అనే ముసలామె ఉంది. దయామణితో పాటు కూలికి పోయిన మనిషి. ఆమె పక్కవాళ్లను చేతితో ఊరుకోమన్నది. "ఇదే. ఇదే దయామణి. ఇన్నేండ్లూ ఆ పిట్టగొంతేందో అనుకుంటి" అన్నది.

శ్యాంసన్ గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాయించాలని తెచ్చుకోలేదు. వయసు మీదపడ్డాక టేపు వేగాన్ని పట్టుకోలేక ఆయన చేతులు జనంలో గిటారు ముట్టి చాలా కాలమైంది. ఇప్పుడు పాట నడక ఆయన నడకే. వేళ్లు వాటంతట అవే చోటు వెతుక్కున్నాయి. టేపులో ఉన్న పడుచువాడి పక్కన ముసలివాడు వాయించాడు. ఇద్దరూ ఎక్కడా తొక్కుకోలేదు.

చివరి పాట వచ్చింది. ఎండపొద్దు వాలె ప్రభువా. ఆ శ్రుతిలో పాడటానికి ఎవరికీ కష్టం లేదు. మెడలు సాగదీయకుండా ఆడవాళ్లు అందుకున్నారు. పెదాలు కదిపే మగవాళ్లు గొంతు కలిపారు. ఒక్కొక్కరే తమ గొంతు తమకు వినపడి ఆశ్చర్యపోతున్నట్లు పక్కకు చూసుకున్నారు.

ఫెబీ మిక్సరు బల్ల వెనక నిలబడి ఉంది. రెండో చరణం దగ్గర ఆమె పెదాలు కదలడం శ్యాంసన్ చూశాడు. పక్కనున్న మైకును దగ్గరికి తీసుకుంది. ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో టేపు శబ్దాన్ని వెంట్రుకవాసి చొప్పున కిందికి దించుతూ పోయింది. చరణం ముగిసేసరికి టేపు పూర్తిగా ఆగిపోయింది. పాట మాత్రం ఆగలేదు. తల్లి ఎక్కడ వదిలిందో బిడ్డ ఎక్కడ అందుకుందో పందిట్లో ఎవరూ కనిపెట్టలేకపోయారు.

శ్యాంసన్‌కు తెలిసింది. తల్లి ఆగని చోట బిడ్డ ఊపిరి తీసుకుంది, అక్కడ తెలిసింది. ఆయన ఆ ఊపిరికి చోటిచ్చి, ఆగి, మళ్లీ తీగ మీదికి జారాడు.